సుందరమ్మ గారి దగ్గర వినడం నేర్చుకున్నాను

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అమ్మాయి హారిక తన టాబ్లెట్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "అమ్మా, కొత్త యాప్ ఇది. సింథసైజర్. నువ్వు ఫిజిక్స్ చెబుతావు కదా, నీకు నచ్చుతుంది చూడు" అంది. తెర మీద కింద పియానో మెట్లు, పైన పాత రేడియోలకుండే నాబ్‌ల్లాంటి బొమ్మలు రెండు వరసలు ఉన్నాయి. ఒక మెట్టు మీద వేలు పెడితే చదునుగా, ముఖం లేని మనిషి మాట్లాడినట్టు ఒక స్వరం వచ్చింది. "ఇప్పుడు రెండు స్వరాలు ఒకేసారి మోగుతున్నాయమ్మా. రెండూ ఒకటే కాబట్టి నీకు తెలియడం లేదు. ఈ నాబ్ తిప్పితే రెండోది కొంచెం పక్కకి జరుగుతుంది" అని చూపించింది. వెంట్రుకవాసి తిప్పాను. స్వరం ఊగడం మొదలుపెట్టింది. పెరిగి తగ్గి, పెరిగి తగ్గి, నిద్రపోతున్న మనిషి ఊపిరిలా. నా వేలు అక్కడే ఆగిపోయింది. "ఏంటమ్మా, బాగోలేదా?" అంది హారిక. చాలా బాగుంది. ఆ ఊగడాన్ని నేను మొదటిసారి విన్నది పాతికేళ్ళ క్రితం, పెనుగొండకు దగ్గరలో ఉన్న ఒక చిన్న ఊరి చర్చిలో. వినిపించిన ఆవిడ పేరు జ్ఞానసుందరమ్మ గారు.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. అమలాపురం దగ్గర పల్లెలో పుట్టి, కాకినాడలో చదువుకుని, ఆ ఊరి హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. సుందరమ్మ గారు అక్కడ తెలుగు చెప్పేవారు. యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేవారు. నీలం అంచు తెల్ల చీర, చంకలో ఎప్పుడూ ఒక నల్లగొడుగు. భర్త పోయి చాలా ఏళ్ళయింది, కూతురు రాజమండ్రిలో నర్సు. స్కూలు పక్కనే ఉన్న లూథరన్ చర్చిలో ప్రతి ఆదివారం కాలితో తొక్కే పెద్ద హార్మోనియం వాయించేది కూడా ఆవిడే. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. చేరిన రెండో వారం మాత్రం ఆవిడ నాకు పక్క క్లాసు టీచరు, అంతే. ఆ రోజు తొమ్మిదో తరగతికి ధ్వని పాఠం చెప్పి బయటికొచ్చాను. బోర్డు నిండా సూత్రాలు రాశానని లోపల కాస్త గర్వంగానే ఉంది. సుందరమ్మ గారు వరండాలో నిలబడి ఉన్నారు.

"సైన్సు మేడంగారూ, ఒక్క మాటండీ. గోడ అవతల నాకంతా వినపడింది. నలభై నిమిషాలు శబ్దం గురించి చెప్పారు. బాగానే చెప్పారు. కానీ ఒక్క చప్పుడు కూడా చెయ్యలేదేంటండీ మీరు?"

నా ముఖం చిన్నబోయింది. అయినా నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నిజంగానే అడిగారని అర్థమైంది. మర్నాడు ఆవిడ పీరియడు కూడా నాకే ఇచ్చి, పిల్లలందరినీ వరసగా చర్చికి తీసుకెళ్ళారు. హార్మోనియం మీద కప్పిన దుప్పటి తీసి, వెనక చెక్క ఊడదీసి గోడకి ఆనించారు. లోపల వరసలు వరసలుగా రీడ్లు, గాలికి మోగే సన్నటి ఇత్తడి రేకులు. ఒక కొసన నా వేలంత పొడుగువి, రెండో కొసన గోరంత చిన్నవి. "పొడుగువి బొంగురుగా పలుకుతాయి, పొట్టివి కీచుగా పలుకుతాయి. ఎందుకో మీ మేడంగారు చెబుతారు" అన్నారు. పిల్లలు వంతులవారీగా తొక్కారు. తర్వాత ఆవిడ ఒకే మెట్టుకి కలిసి మోగే జంట రీడ్లలో ఒకదాన్ని బయటికి లాగి, బ్లేడుతో కొస మీద రెండుసార్లు గీకి, మళ్ళీ లోపల పెట్టి అదే మెట్టు నొక్కారు. ఒక్కటిగా మోగాల్సిన స్వరం ఊగుతూ వచ్చింది. "ఇప్పుడివి రెండూ పోట్లాడుకుంటున్నాయి. వినండి" అన్నారు.

పుస్తకంలో దాన్ని విస్పందనాలు అంటారు. ఆ మాట నేను పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో, సూత్రం ఎన్నిసార్లు నిరూపించానో లెక్కలేదు. ఫస్టు క్లాసులో పాసయ్యాను. కానీ ఎప్పుడూ వినలేదు. పిల్లలు వెళ్ళిపోయాక ఆ సంగతి ఆవిడతో చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు, దాచుకుంటే ఇంకా బరువుగా ఉండేదేమో. ఆవిడ చెక్క బిగిస్తూ, "ఈ వేళ విన్నారుగా. ఇంక సిగ్గేంటండీ?" అన్నారు.

అప్పట్నించి శనివారం మధ్యాహ్నాలు నాకు ఆ చర్చిలోనే గడిచేవి. మా ఊళ్ళలో వర్షాకాలం గాలే తడిగా ఉంటుంది. ఆ తేమకి రీడ్లు తుప్పు పట్టకపోయినా శ్రుతి మాత్రం జారిపోతుంది. కొస గీకితే స్వరం పైకి వెళుతుందని, మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుందని, ఊగడం నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఆగిపోయిందంటే రెండూ కలిసినట్టని ఆవిడే నేర్పారు. నా చేతికి బ్లేడు ఇచ్చేముందు ఆరు నెలలు వట్టినే వినమన్నారు. "తొందరపడి గీకితే పోయిన ఇత్తడి మళ్ళీ రాదమ్మాయ్" అనేవారు. మేడంగారు అన్న పిలుపు ఎప్పుడు అమ్మాయ్ అయిందో నాకు గుర్తు లేదు. పని అయ్యాక వాళ్ళింట్లో మినపరొట్టె, టీ. ఆదివారాలు నేను కూడా వెనక వరసలో కూర్చుని పాటలు వినేదాన్ని. బొట్టు పెట్టుకుని వచ్చినావిడ ఎవరని ఒక్కరూ అడగలేదు. "సుందరమ్మ గారి సైన్సు టీచరు" అని నాకో పేరు స్థిరపడిపోయింది.

మూడో ఏడో నాలుగో ఏడో, వానలు వెనకబట్టాక ఒక ఆదివారం పాట మధ్యలో పైస్వరాలు ఊగడం వినిపించింది. మొదట నా చెవే అనుకున్నాను. ఆ తర్వాతి ఆదివారం ఇంకా ఎక్కువైంది. గోరంత రీడ్లు ఉన్న వైపు, నాలుగైదు మెట్లు దారుణంగా కలతపడి ఉన్నాయి. పాడేవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. సుందరమ్మ గారు మాత్రం ప్రశాంతంగా, కళ్ళు సగం మూసుకుని వాయిస్తున్నారు. ఎంత చిన్న తేడా అయినా నాకన్నా ముందు పట్టుకునే మనిషి. ఆవిడకి వినపడడం లేదని అప్పుడు తెలిసింది. వయసుతో చెవి ముందు పైస్వరాలనే పోగొట్టుకుంటుందని నాకు పుస్తకాల్లో తెలుసు. ఆ సంగతి ఆవిడతో చెప్పడం ఎలాగో మాత్రం తెలియలేదు. వారం వారం చెబుదామనుకునేదాన్ని. వారం వారం మినపరొట్టె తిని వచ్చేసేదాన్ని. చర్చి గుమ్మం బయట ఎవరో, "పెద్దావిడకి చెయ్యి తప్పుతోందండీ, ఎవరు చెబుతారు?" అనుకోవడం విని కూడా విననట్టు నడిచాను.

ఒక శనివారం ఆవిడ హార్మోనియం తెరిచి, కింద నుంచి పైదాకా అన్ని మెట్లూ నొక్కి, "అన్నీ బాగానే ఉన్నాయి కదా అమ్మాయ్?" అన్నారు.

"బాగున్నాయండి" అన్నాను.

ఆవిడ నా ముఖం కేసి చూశారు. తర్వాత పైమెట్టు ఒకటి నొక్కి తొక్కుతూ, రెండో చెయ్యి చెక్క మీద పరిచి పెట్టారు. చేత్తో వినడానికి ప్రయత్నిస్తున్నారని నాకర్థమైంది.

"ఇది ఊగుతోందా?"

నేను దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టాను.

"నిన్నే అడుగుతున్నాను. ఊగుతోందా లేదా?"

"ఊగుతోందండి."

"ఎప్పట్నించి?"

"ఆరేడు వారాలయిందండి."

ఆవిడ కాళ్ళు ఆగిపోయాయి. హార్మోనియం నిట్టూర్చినట్టు గాలి వదిలేసింది. "ఆరేడు వారాలు! వెనక కూర్చుని విని, మా ఇంటికొచ్చి రొట్టె తిని వెళ్ళావా?" అన్నారు. నేను ఏడుపు ఆపుకుంటూ, మీరు బాధపడతారని చెప్పలేదండి అన్నాను. ఆవిడ గొంతు పెంచలేదు. "నా బాధ నేను పడతానమ్మాయ్, దాన్ని నువ్వెందుకు దాచిపెట్టడం? చెవులు పోవడం నా తప్పు కాదు, దానికి నాకు సిగ్గు లేదు. ఊరందరికీ తెలిసి నాకొక్కదానికే తెలియకుండా కూర్చోబెట్టారు చూడు, అదీ సిగ్గంటే" అన్నారు. గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. వెనక చెక్క బిగించింది నేనే. ఆ రోజు రెండు మేకులు కింద పడిపోయాయి, వెతకడానికి చాలాసేపు పట్టింది.

తర్వాత పదిహేను రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు. స్టాఫు రూములో నా ఎదురుగానే కూర్చుని వ్యాసాలు దిద్దుకునేవారు. ఉద్యోగం మానేసి ఇంటికి వెళ్ళిపోదామా అని కూడా అనిపించింది నాకు. ఒక శుక్రవారం సైన్సు గది గుమ్మంలో నిలబడి, "ఆదివారం ప్రార్థన అయ్యాక కమిటీ కూర్చుంటోంది. నాతో రా" అన్నారు. వెళ్ళాను. పాస్టరు గారు, ఇంకో నలుగురు పెద్దలు ఉన్నారు. ఆవిడ కూర్చోకుండానే మొదలుపెట్టారు.

"నా చెవులకి పైస్వరాలు వినపడ్డం లేదండి. మీ అందరికీ ఆ సంగతి ముందే తెలుసట. నాకు ఈ అమ్మాయి చెప్పింది, అది కూడా అడగ్గా అడగ్గా. ఆ రీడ్లు ఇంక నేను చూసుకోలేను. శ్రుతి జారనిది, ఆ కరెంటు కీబోర్డు, ఒకటి తెప్పించండి. పాతదాన్ని సైన్సు గదికిప్పించండి, పిల్లలకి పనికొస్తుంది."

పెద్దలు తలలు వంచుకున్నారు. పాస్టరు గారు మెల్లగా, "అలాగేనండి. మరి అది వాయించడానికి ఎవరినైనా కుర్రాళ్ళని..." అనబోయారు.

"కుర్రాళ్ళెందుకండీ? నేనే వాయిస్తాను. వచ్చాక నేర్చుకుంటాను, అదేమన్నా బ్రహ్మవిద్యా?"

ఆ గదిలో మొదట నవ్వింది ఆవిడే.

కీబోర్డు రాజమండ్రి నుంచి వచ్చింది. నాకు తెలిసి సుందరమ్మ గారు అంత సంతోషంగా ఉన్న రోజులు అవే. చర్చి ఖాళీగా ఉండే శనివారాలు మేమిద్దరం దాని ముందు కూర్చునేవాళ్ళం. అందులో నూరు రకాల ధ్వనులు ఉన్నాయి. ఒక్కటీ వదలకుండా అన్నీ నొక్కారు. ఏదో అంకె నొక్కేసరికి బలిపీఠం ముందు హెలికాప్టరు లేచింది. ఆవిడ రెండు చేతులూ గాల్లోకి ఎత్తేసి, తర్వాత కళ్ళ నీళ్ళు తిరిగేలా నవ్వి, "పాస్టరు గారు ప్రసంగం పెంచితే ఇది నొక్కుదాం" అన్నారు. వినపడని పైస్వరాల సంగతి నన్ను అడిగేవారు. నేను తెర మీద ఉన్న పేరు చదివితే ఒప్పుకునేవారు కాదు. "పేరు కాదమ్మాయ్, విన్నది చెప్పు" అనేవారు. వెతుక్కుని వెతుక్కుని చెప్పేదాన్ని. ఇది రేకు మీద సన్నవాన పడ్డట్టుందండి. ఇదేమో స్టీలు గ్లాసు అంచున తడి వేలు తిప్పినట్టుంది. ఇది వట్టి కీచు, వద్దండి. ఆవిడ తలూపి, కావలసినవి పెన్సిల్‌తో ఒక అట్ట మీద రాసుకునేవారు. ఒక మనిషి చెవి కోసం మాటలు వెతికిన ఆ శనివారాల్లో నాకు పాఠం చెప్పడం వచ్చింది. అంతకు ముందు నాకు వచ్చింది పాఠం అప్పజెప్పడం.

రిటైరయ్యేదాకా, ఆ తర్వాత ఇంకో నాలుగేళ్ళు, ఆ కీబోర్డు ఆవిడే వాయించారు. పైస్వరాల జోలికి పోకుండా, పాటలన్నీ కాస్త కిందికి దించి వాయించేవారు. ఊళ్ళో మగవాళ్ళు ఇప్పుడు హాయిగా పాడగలుగుతున్నాం అన్నారట. తర్వాత రాజమండ్రిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. నేను భీమవరంలో కాలేజీకి మారాను. ఒకసారి చూడడానికి వెళ్ళేసరికి చెవికి కొత్తగా మిషన్ పెట్టించుకుని ఉన్నారు. కుర్చీలో నిటారుగా కూర్చుని ఇంట్లో చప్పుళ్ళన్నీ ఫిర్యాదుల్లా చెప్పారు. "పిచ్చుకలు ఇంత గోల చేస్తాయని మర్చిపోయానమ్మాయ్. మా అల్లుడు పేపరు తిప్పితే తాటాకులు దులిపినట్టుంది. నా చెప్పులు కిర్రుమంటాయిట, ఒక్కళ్ళూ చెప్పలేదు చూడు!" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. మూడేళ్ళ క్రితం, ఉదయం కాఫీ తాగి పడుకుని, మళ్ళీ లేవలేదు. బాధ పడలేదని కూతురు చెప్పింది.

ఇప్పుడు నా వయసు ఆనాటి ఆవిడ వయసుకి దగ్గరపడుతోంది. పోయిన నెల మా డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన సుజాత నా గదికి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, "మేడం, ఏమీ అనుకోకండి. మీరు ఈ మధ్య చాలా స్పీడుగా చెబుతున్నారండి. వెనక బెంచీల పిల్లలు రాసుకోలేక నా దగ్గరికి వచ్చి అడుగుతున్నారు" అంది. కోపం రాలేదని చెప్పను. వచ్చింది, ఆ పూటంతా ఉంది. సాయంత్రం ఇంటికి నడుస్తూ ఆ పిల్ల ముఖం గుర్తు చేసుకున్నాను. భయపడుతూనే వచ్చింది, కానీ వచ్చింది. నేను ఇరవై ఆరేళ్ళ వయసులో చెయ్యలేకపోయిన పని అది. మర్నాడు తనని పిలిచి, వారం రోజులు నా క్లాసులో చివరి బెంచీలో కూర్చోమన్నాను. నేను తొందరపడినప్పుడల్లా చెయ్యెత్తమన్నాను. మొదటిరోజు పదకొండుసార్లు ఎత్తింది. పిల్లలు ముసిముసిగా నవ్వారు, నేనూ నవ్వాను. శనివారం నాటికి రెండుసార్లకి దిగింది. సుందరమ్మ గారి నుంచి నాకు దక్కిన పెద్ద సంపద ఏదని ఎవరైనా అడిగితే చెప్పేది ఇదే. నా లోపం నాకు చెప్పాల్సి వచ్చినప్పుడు, మనుషులు నా గది తలుపు తట్టగలుగుతున్నారు.