నేరం మీటరు మీద

మా మేనమామ కొడుకు, అంటే నాకు బావ, దిండిలో ఎవరివో పెళ్ళి ఫోటోల కోసమని నా పాత కారు అడిగాడు. ఈ మధ్య పెళ్ళికి ముందే జంటలు గోదారి గట్టున ఫోటోలు దిగుతున్నారు కదా, పక్కన ఇలాంటి ముసలి కారుంటే ముచ్చటగా ఉంటుందట. ఆ కారు తాళం నా భార్యక్కూడా ఇవ్వను. బావకిచ్చాను. ఇంజిన్ విప్పడం, బిగించడం ఇద్దరం కలిసే నేర్చుకున్నాం. దాని నాడి వాడికీ తెలుసు.

ఆదివారం తెచ్చి వాకిట్లో పెట్టాడు. తళతళలాడుతోంది. టైర్లకి కూడా పాలిష్ కొట్టించాడు. మా ఇంట్లోనే భోజనానికి కూర్చున్నాడు.

కారు దూరం వెళ్ళొస్తే వాక్యూమ్ గేజి పెట్టి చూడటం నా అలవాటు. ఇంజిన్ గాలి పీల్చే గొట్టానికి చిన్న రబ్బరు ట్యూబు తగిలిస్తే, ఎంత గట్టిగా పీలుస్తోందో ముల్లు చెప్పేస్తుంది. బాగున్న ఇంజిన్‌కి ముల్లు కదలకుండా నిలబడుతుంది. నా కారుకి ఎప్పుడూ అలాగే నిలబడేది. ఆ రోజు ఒకే లయలో టక్కు టక్కుమని కిందకి జారుతోంది. ఏదో సిలిండర్ దగ్గర పట్టు పోయిందన్నమాట. ఇంజిన్ చల్లారాక రేడియేటర్ మూత తీశాను. నేను పోసిన ఆకుపచ్చ కూలెంట్ లేదు. కాలవ నీళ్ళు, ఒండ్రుతో సహా. పైన పటారం, లోన లొటారం.

బావ అరుగు మీద నడుం వాల్చి ఉన్నాడు.

"ఏరా, దార్లో ఏమైనా అయ్యిందా?"

"అబ్బే, ఏం అవ్వలేదండీ."

అండీ! మా వైపు పసిపిల్లల్ని కూడా అండీ అనే పిలుస్తాం, నిజమే. కానీ మా ఇద్దరి మధ్య పుట్టి బుద్ధెరిగాక "ఏరా" తప్ప ఇంకో మాట లేదు. నాకు ఒళ్ళు మండింది. కారుదేముంది, ఇనుము, బాగుచేసుకుంటాను. వీడు నిజం చెబితే చాలు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, మళ్ళీ స్టార్ట్ చేసి ముల్లు చూపించాను.

చూశాడు. ఆ జారుడుకి అర్థం వాడికి తెలియక కాదు.

"మీటరు పాడైనట్టుందండీ," అన్నాడు.

ఆ గేజినే తీసుకెళ్ళి, నా కారు తీసుకెళ్ళేటప్పుడు గేటు దగ్గర వదిలెళ్ళిన వాడి కారుకి తగిలించాను. ముల్లు వెళ్ళి నిలబడింది. కదిలితే ఒట్టు.

"రాజోలు దాటేక ఇంజిన్ కాగిపోయి ఆవిరి వచ్చేసిందండీ. ఫోటోల వాళ్ళు తొందరపెట్టేరు. కాలవలోంచి తోడి పోసేసి నడిపేసేం," అన్నాడు చివరికి. "చెప్తే మళ్ళీ ఇస్తారా ఏంటి మీరు? ఇంకో పెళ్ళివారికి మాటిచ్చేసేను."

పాడైన సంగతి తెలిసే ఇంకొకరికి మాటిచ్చాడు.

చెప్పుంటే ఇచ్చేవాణ్ణి. బాగుచేయించి మరీ ఇచ్చేవాణ్ణి. అదే నా ఏడుపు.