క్రాంకు రెండుసార్లు ఊగింది

మాది బేతంచెర్లలో లారీ ఇంజన్ల షెడ్డు. పక్కనే బండలు కోసే మిషన్లు. వాటి మోతకు ఎదురుగా ఉన్న మనిషి మాట కూడా వినపడదు. అందుకే నేనూ, నా జతగాడు మస్తానన్నా ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇంజన్లో తిరిగే పెద్ద ఇరుసును క్రాంకు అంటాం. దాన్ని పట్టి ఉంచే మెయిన్ బేరింగు క్యాపులు నేను బిగిస్తాంటే, ఆయన అవతలి కొసన క్రాంకు పట్టుకుని కూర్చుంటాడు. బిగువు సరిపోతే ఒకసారి ఊపుతాడు. ఏదన్నా తేడా ఉంటే ఇటూ అటూ రెండుసార్లు. అంటే "ఇప్పప్పా" అని.

పోయిన ఎండాకాలం ఆయన గుండె ఆగి చనిపోయినాడు. ఆ తర్వాత నేనొక్కడినే పట్టిన మొదటి ఇంజను అది. మిట్టమధ్యాహ్నం నడి క్యాపు బిగిస్తాండా. చేతికింద క్రాంకు కదిలింది. ఇటొకసారి, అటొకసారి. తలెత్తి చూస్తే అవతల ఆయన స్టూలు మాత్రం ఉంది.

క్యాపు ఇప్పినా. బేరింగు రెండు సగాలుగా ఉంటాది; ఆయిలు బొక్క ఉన్న సగం ఇంజన్లో కూర్చోవాల. నేను దాన్ని క్యాపులో పెట్టి, బొక్క లేని సగాన్ని ఇంజన్లో పెట్టినా. అట్లే బిగించి పంపుంటే ఆయిలు అందక, బండల లోడుతో ఘాట్లో ఇంజను పట్టేసేది.

బరువుకు తిరిగింటాది లే అంటారు మావోళ్లు. బరువుకైతే ఒక పక్కకే తిరగాల. అది వెనక్కి కూడా వచ్చింది.

ఆయన భార్య ఫాతిమా వదినకు మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. ఆమె ఇది చదవదనే ధైర్యంతో రాస్తాండా. చెప్తే, "మరి నాకేమన్నా చెప్పినాడా?" అని అడుగుతాది.