బిషప్పు గారి నోట మా అమ్మ మాట

ఒక అబద్ధాన్ని యాభై ఏళ్లకు పైగా మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక ఆంగ్లికన్ గురువు కోనరావుపేటలో తెలుగు నేర్చుకున్నారు. నేర్పింది మా అమ్మ. కూలికి పోయే మనిషి, అక్షరం రాదు. పొలం గట్టున కూర్చుని ఆమె అన్న ప్రతి మాటా ఆయన మళ్లీ మళ్లీ పలికేవారట. తర్వాత ఆయన బిషప్పయ్యారు. జగిత్యాల చర్చిలో ఆ యాసలోనే ప్రసంగిస్తుంటే కూలి ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటూ వినేవాళ్లు. దేవుడు తమ వాడకే వచ్చి మాట్లాడుతున్నట్టుండేది వాళ్లకు.

నాకు సిగ్గు. గుంటూరులో టీచరు ట్రైనింగు చేసి వచ్చి ఆయన దగ్గర పనికి కుదిరాను. అంతటి మనిషి నోట మా అమ్మ మాట వినబడితే, నేనెవరి కొడుకునో పట్నమంతా చాటినట్టుండేది. ఒకరోజు అనేశాను, జనం మీ భాషకు నవ్వుతున్నారని. ఎవరూ నవ్వలేదు. ఆయన నమ్మారు. నా దగ్గర పుస్తకాల తెలుగు నేర్చుకున్నారు. ఆడవాళ్లు చాపల మీద కునకసాగారు.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కోరుట్ల దగ్గర విద్యార్థులు మా జీపును ఆపారు. ఆయన దిగి, "దయచేసి మాకు దారి ఇవ్వండి" అన్నారు.

"ఆంధ్రోళ్ల బాస మాట్లాడుతుండు!" అంటూ ఒకడు రాయెత్తాడు.

అప్పుడు ఆయన నోట పాత మాట వచ్చింది. "ఎందుకు కొడ్తరయ్యా? ముత్యంపేటల ముసలామె పానం పోతున్నది. ప్రార్థన చేసి అస్త. మల్లచ్చినంక కొట్టుండ్రి."

ఎత్తిన చెయ్యి దిగిపోయింది. వాళ్లే అడ్డుపెట్టిన రాళ్లు తీశారు.

జీపెక్కాక ఆయన మొహం వెలిగిపోతోంది. "పంతులూ, గాళ్లు నవ్వలే!"

అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా? ఏం అడ్డొచ్చింది? సభల్లో మన యాసను గౌరవించాలని గొంతు చించుకునే నేను, ఆ యాసే ఒక గుంపును ఆపడం కళ్లారా చూసి కూడా, "మీరు తెల్లదొర కదండీ, అందుకే వాళ్లు భయపడ్డారు" అన్నాను.

"గట్లనా?" అన్నారు. ఆయన నోట ఆ యాస వినడం అదే చివరిసారి.

దేశం వదిలి వెళ్లేముందు సిరిసిల్లలో కడపటి ప్రసంగం చేశారు. వినడానికి అమ్మ కోనరావుపేట నుంచి వచ్చి ముందు వరసలో కూర్చుంది. అయిపోయాక నా చెయ్యి పట్టుకుంది.

"దొర ఏమన్నడు కొడుకా? నాకొక్క ముక్క సమజ్ కాలే."



ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. మీ క్షమాపణ కోసం రాయడం లేదు. ఆయన నుంచి ఆ మాటను, అమ్మ నుంచి ఆయనను దూరం చేసింది నేనే. రాశాను. కాస్త ఊపిరి ఆడుతోంది.