గడపరాయి కింది బూడిద

మక్తల్ నుంచి కృష్ణ స్టేషనుకు పోయే బండిబాటలో నా చెప్పు తెగింది. కాలినడకన తిరిగేవాడికి అంతకంటే పెద్ద ఆపద ఉండదు. నల్లరేగడి ఎండాకాలంలో బీటలు వారిందంటే ఆ అంచులు పెంకుల్లా కోస్తాయి. కుంటుకుంటూ దగ్గరి ఊరి మాదిగవాడకు పోయి చెప్పులు కుట్టే జానయ్య ఇంటి ముందు కూలబడ్డాను. పోలీసు చర్యకు ముందటి ఏడు అది. కొత్త మనిషి కనిపిస్తే ఎవడి మనిషో అని జంకే రోజులు. జానయ్య నా ముఖం చూడలేదు, కాళ్లు చూశాడు. "శానా దూరం తిరిగినట్టున్నవు, కూసో" అని చెప్పు చేతిలోకి తీసుకున్నాడు.

ఎదురుగా ఆ వాడవాళ్ల ప్రార్థన గుడి, తలుపు బార్లా తీసి ఉంది. లోపలి గోడకు ఒక డప్పు వేలాడుతోంది. క్రైస్తవుల గుళ్లు నేను చాలా చూశాను. గంటలు, తాళాలు, ఒకచోట ఎలుకలు కొరికిన హార్మోనియం కూడా చూశాను. డప్పు మాత్రం ఎక్కడా చూడలేదు. ఆ రోజుల్లో బాప్తిస్మం తీసుకునే మాదిగవాడు మొదట వదలాల్సింది కల్లు, ఆ వెంటనే డప్పు. డప్పంటే జాతర, జాతరంటే ఎల్లమ్మ, ఎల్లమ్మంటే వెనకటి బతుకు. అందుకని.

"గుడిలో డప్పేమిటి?" అన్నాను.

జానయ్య దారం కొస పంట పట్టుకుని కుట్టు బిగించాడు. గుమ్మంలో జొన్నలు చెరుగుతున్న అతని భార్య ఈదమ్మ అందుకుంది.

"చెప్పు. ఊరూరు తిరిగెటాయన. నువ్వు చెప్తే ఊరూరికి ఎరుకైతది."

"నువ్వే చెప్పరాదు? నా నోట్ల దారముంది."

అలా కొంత ఆమె, కొంత అతను చెప్పిన సంగతి ఇది.

జానయ్య మోటలు కుట్టేవాడు. ఇంజన్ల కాలంలో పుట్టినవాళ్లకు మోటంటే ఏమిటో చెప్పాలి. బావిలోంచి ఎద్దులు లాగే పెద్ద తోలు బొక్కెన అది. దాని కుట్టు వదిలిందంటే పొలం ఎండినట్టే. ఆ పనికి గాను ప్రతి కాపూ కల్లంలో ధాన్యం కొలిచి ఇచ్చేవాడు. దాన్ని మేర అంటారు. డప్పు కొట్టేవాడికి మేర ఇంకాస్త ఎక్కువ. జానయ్య తండ్రి మైసయ్య ఆ చుట్టుపక్కల పేరున్న డప్పు. డప్పునే పలక అని కూడా అంటారు. ఆయన పలక చట్రం ఒకసారి పగిలితే ఇనుప బద్ద వేసి బిగించాడు. అప్పటినుంచి దెబ్బ వేసిన ప్రతిసారీ వెనకాలే తుమ్మెద ఎగిరినట్టు సన్నటి జుమ్మనే చప్పుడు వచ్చేది. ఇంకో డప్పు ఏదైనా అది బాగుచేయించాల్సిన లోపం. మైసయ్య డప్పుకు మాత్రం అదే గుర్తు.

జానయ్యకు మీసాలు వస్తున్న వయసులో ఊళ్లో గత్తర లేచింది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న వాళ్లను ఊరవతల పందిళ్లలో పడుకోబెట్టి దూరంనుంచి చూసేవాళ్లు. జానయ్యనూ ఒక పందిట్లో పడుకోబెట్టారు. మైసయ్య ఎల్లమ్మకు మొక్కుకుంటూ కూర్చున్నాడు. ఆ పందిట్లోకి దూరినవాడు గుర్వయ్య. నల్లగొండ దిక్కునుంచి అప్పుడే ఆ వాడకు ఉపదేశిగా వచ్చాడు. అతనూ మాదిగే, మిషను బడిలో నాలుగు అక్షరాలు నేర్చినవాడు. జానయ్య మలమూత్రాలు తన చేత్తో ఎత్తాడు. ఉప్పు కలిపిన గంజినీళ్లు చెంచాతో పోశాడు. అతని భార్య సుగుణమ్మ ఆ గంజి కాచి పంపేది. పక్క పందిట్లో వాళ్లు పోయారు. జానయ్య లేచాడు.

లేచిన తర్వాత గుర్వయ్య అతనికి ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించాడు. నేను చదువుకున్నవాళ్ల మధ్య చాలా తిరిగాను, చదువు విలువ గురించి వాళ్ల ఉపన్యాసాలు విన్నాను. ఏదీ ఈ మాటంత గుర్తులేదు. జానయ్య చెప్పాడు: "నా పేరు నేనే రాసుకుంటే, ఎవరో నన్ను పిలిచినట్టాయె. తిరిగి చూసిన. ఎవరు లేరు."

వాగులో బాప్తిస్మం తీసుకునే ముందు గుర్వయ్య అతణ్ణి డప్పు తెమ్మన్నాడు. వాడలో ఇంకో రెండు ఇళ్లవాళ్లూ తెచ్చారు. మైసయ్య ఆ రోజు అన్నం ముట్టలేదు. తను బాప్తిస్మం తీసుకోలేదు, ఆ తర్వాత కూడా తీసుకోలేదు. అయినా పలకను కొడుకు భుజానికి తనే తగిలించాడు.

"తీస్కపో. పానం తిరిగిచ్చినోడు అడుగుతుండు. నేనెట్ల కాదంట?"

గుర్వయ్య డప్పులు తీసుకున్నాడు. "కాలవెట్టంగ మీరు చూడొద్దు తమ్మీ. చూస్తే మనసు దానెంబడే పోతది" అన్నాడు. మరునాడు ఒక ముంతలో బూడిద తెచ్చి చూపించాడు. కొద్దిరోజులకు గుడికి పునాది వేశారు. ఊరి పటేలే తన జాగా ఇచ్చాడు. వెట్టి చేయించుకోవడం తప్ప మాదిగవాడకు ఏమీ ఇచ్చి ఎరగని పటేలు జాగా ఇచ్చాడంటే, దేవుడు ఆయన గుండె కరిగించాడని అందరూ పాటలు పాడుకున్నారు. ఆ ముంతను గుర్వయ్య గడపరాయి కింద పెట్టించాడు. మీ పాత బతుకు దీని కింద ఉంది అన్నాడు. అప్పటినుంచి జానయ్య ఆ రాయి తొక్కలేదు. ఆదివారం వచ్చినప్పుడు వంగి, దాన్ని వేళ్లతో తాకి, దాటి లోపలికి పోయేవాడు.

మేర తగ్గింది. ఇంట్లో జొన్న గటక పలుచనైంది. జానయ్య పట్టించుకోలేదు. ఏటా జొన్నకోతలయ్యాక గుడిలో కోతల పండుగ చేసేవాళ్లు. తొలి కంకులో, గుమ్మడికాయో, కోడిపిల్లో తెచ్చి బల్ల ముందు పెట్టి, ఒక్కొక్కరే లేచి తమను దేవుడి దగ్గరకు తెచ్చిన మనిషి పేరు చెప్పి వందనాలు చెప్పాలి. ఆ తర్వాత కానుకలకు వేలంపాట. చుట్టుపక్కల గుళ్లలో ఎక్కడా లేదు ఈ పేరు చెప్పే పద్ధతి, గుర్వయ్య పెట్టిందే. జానయ్య ఏటా ఒక్క మాటే చెప్పేవాడు: "సచ్చెటోణ్ణి ఎత్తుకొచ్చిన మా గుర్వయ్య అయ్యగారికి వందనాలు." గుర్వయ్య తల వంచుకునేవాడు. అది వినయమనుకున్నారు అందరూ.

తర్వాత మైసయ్యకు దగ్గు పట్టుకుంది. మంచం మీద ఎముకలే మిగిలాయి. ఒక మధ్యాహ్నం గుర్వయ్య ప్రార్థన చేసి పోదామని వచ్చి కూర్చున్నాడు. మైసయ్య కొడుకును పిలిచాడు.

"జానిగా, నేను పోతున్న."

"గట్లనకు బాపూ."

"అననీ. నువ్వు కొట్టకు. నీ దేవుడు వద్దన్నడు, ఎరికే. ఎవలన్న పొరుగోణ్ణి పిలిచి నా పలక కొట్టియ్యి. నా పలకనే. కాలిందంటరు గని నేను కండ్ల జూడలె. గా జుమ్మన్న సప్పుడు ఎంబడి రాకుంటే నాకు తొవ్వ దొరకది."

జానయ్య గుర్వయ్య ముఖం చూశాడు. గుర్వయ్య మంచం పట్టె పట్టుకుని, "అది లేదు పెద్దమనిషీ. బూడిదాయె" అన్నాడు.

మైసయ్య కాసేపు పైకప్పు చూశాడు. "మంచిగాయె," అన్నాడు. "నాకంటె ముందుగాల్నే పోయింది."

వేరే డప్పు జానయ్య పిలిపించలేదు. ఆ ఊళ్లో డప్పు లేకుండా పోయేది దిక్కులేని శవమే. వాడలో పాతవాళ్లు పాడె మోయడానికి వచ్చి, చప్పుడు లేకపోవడం చూసి తిరిగి ఇళ్లకు పోయారు. జానయ్య, గుర్వయ్య, ఇంకో ఇద్దరు విశ్వాసులు మోసుకుపోయారు. నేలమీద వాళ్ల అడుగుల చప్పుడొక్కటే వినపడిందని ఈదమ్మ చెప్పింది. చెరగడం ఆపి చెప్పింది ఆ మాట.

యుద్ధం నడుస్తున్న ఆ ఏడు పీర్ల పండుగ చలికాలంలో వచ్చింది. పీర్ల పండుగంటే మన దిక్కు సాయిబులది మాత్రమే కాదని తెలియనివాళ్లు ఉంటే ఇప్పుడైనా తెలుసుకోవాలి. పీరును ఎత్తేది గొల్లాయన, అలావు నిప్పుల గుండం చుట్టూ తిరిగేది ఊరంతా. ఆఖరి రోజు పీర్లను వాగుకు తీసుకుపోతారు. ఆ ఏడు వానలు లేక ఎగువ ఊరి వాగు ఎండింది. ఆ ఊరూ ఈ పటేలుదే. వాళ్ల పీర్లు ఈ ఊరి వాగుకు వచ్చాయి. జానయ్య మడుగు దగ్గర తంగేడు చెక్క వేసిన తొట్టిలో తోళ్లు తిప్పుతున్నాడు. డప్పులు దగ్గరకు వచ్చాయి. మూడోదో నాలుగోదో దెబ్బ వెనక జుమ్మంది.

జానయ్య తోలు వదిలేసి, మోచేతుల దాకా తంగేడు నీళ్లతో, పీర్లకు అడ్డంగా నడిచిపోయాడు. ఆ డప్పు కొడుతున్నవాడి పేరు ఐలేశం.

"ఏందన్నా, ఏమైతాంది? నీళ్లల్ల దయ్యాన్ని జూసినవా?"

"గీ పలక ఏడిది?"

"పటేలు గడిది. మీ ఊరోళ్లే ఇచ్చిండ్రంట గద, దేవుడు మారినంక. ఏం, మీ కొత్త దేవునికి డప్పు సప్పుడు సైసదా?"

జానయ్య చట్రం తిప్పి చూశాడు. ఇనుప బద్ద. తండ్రి కొట్టిన మేకులు.

ఆ సాయంత్రం అతను గుర్వయ్య ఇంటికి పోయాడు. గుర్వయ్య దాచలేదు. దాచి ఉంటే బాగుండేదన్నాడు జానయ్య నాతో, కోపంగా రెండు బూతులు తిట్టుకుని వచ్చేవాణ్ణి అన్నాడు.

"పటేలు అన్నడు," చెప్పాడు గుర్వయ్య. "డప్పులు కాలవెట్టి నా జాతరలు మూగగ చేస్తవా, డప్పులు నాకియ్యి, గుడికి జాగా తీస్కో అన్నడు. నేను నా ఇంటికి తెచ్చుకోలె జానయ్యా. గుడి కోసం ఇచ్చిన. తోలూ కట్టే గద అనుకున్న."

"తోలూ కట్టే అయితే నా తోని ఎందుకు ఇడిసిపెట్టిచ్చినవు?"

గుర్వయ్య లేచి దీపం వత్తి సరిచేశాడు.

"మా బాపు అడిగిననాడు నువ్వు ఆడనే ఉన్నవు. మంచం పట్టె పట్టుకోని ఉన్నవు."

"అప్పుడు చెప్తే గుడి ఇరిగిపోవు. ఇంతమంది విశ్వాసం..."

"గడప కింద బూడిద?"

గుర్వయ్య లోపలి గది వైపు చూశాడు. లోపలినుంచి సుగుణమ్మే అంది, "మా పొయ్యిది."

ఈ మాట దగ్గర ఈదమ్మ నవ్వింది. నవ్వు కాదది. "ఇన్నేండ్లు సుగుణమ్మ పొయ్యికి మొక్కినం. మా ఇంట్ల లేకుండెనా పొయ్యి?"

జానయ్య ఐలేశానికి ఒక జత కిర్రుచెప్పులు కుట్టి ఇచ్చి పలక తీసుకున్నాడు. పటేలు అడిగితే పగిలితే పారేశానంటాను పో అన్నాడు ఐలేశం. ఇంటికి తెచ్చిన డప్పును చూసి ఈదమ్మ భయపడింది.

"ఇగ గుడికి పోవా?"

"పోత."

"అయితే గిదెందుకు? బాపు బొందకాడ కొడ్తవా?"

"కొట్ట. కొట్టనని మాటిచ్చింది గుర్వయ్యకు కాదు."

కోతల పండుగ వచ్చింది. బల్ల ముందు కంకుల కట్టలు, అనుములు, కాళ్లు కట్టిన కోడి. జానయ్య డప్పును గొంగడిలో చుట్టుకుని వచ్చి వాటి మధ్య పెట్టి గొంగడి తీశాడు. చాలామందికి అది ఎవరిదో బద్ద చూడగానే తెలిసింది. ఎట్లా వచ్చిందో తెలియలేదు. అందరూ గుర్వయ్య వైపు చూశారు. గుర్వయ్య డప్పు వైపు చూశాడు. వరసగా ఒక్కొక్కరూ లేచి పేరు చెబుతున్నారు. ఎక్కువమంది నోట గుర్వయ్య పేరే. జానయ్య వంతు వచ్చింది.

"గత్తరల నన్ను ఎత్తుకొచ్చింది గుర్వయ్య. గది అబద్ధం కాదు," అన్నాడు. "ఇయ్యాల ఆ పేరు నా నోట్లకెల్లి వస్తలేదు. నేను దేవునికిచ్చిన మాట నిలవనీకి డప్పు లేకుంట పోయినోడు మా బాపు మైసయ్య. ఆయన ఈ గుడి ఎక్కలె. ఆయనకు వందనాలు."

కూర్చున్నాడు. పటేలు సంగతి, జాగా సంగతి ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా గుడిలో ఎత్తలేదు. ఎందుకని అడిగితే నాతో, "మిగిలినోళ్లకు ఆ బూడిద బూడిదే. వాళ్లకెందుకు పొయ్యి చేయాలె" అన్నాడు.

వేలంపాట మొదలైంది. పాట పిలవాల్సింది ఉపదేశే. కంకులు పోయాయి, కోడి పోయింది. గుర్వయ్య డప్పు ఎత్తాడు. ఎత్తిన ఊపుకు బద్ద చట్రానికి తగిలి చిన్నగా జుమ్మంది. "ఎవరన్నా..." అన్నాడు. ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచాడు. వదిలేసిన డప్పును విశ్వాసి ఎవడు కొంటాడు? ఎవరూ పాడని కానుక గుడికే ఉండిపోవాలనేది కూడా గుర్వయ్య పెట్టిన పద్ధతే. చివరికి అతనే మేకు కొట్టి దాన్ని గోడకు తగిలించాడు. వేరే ఖాళీ లేదు. ప్రసంగపు బల్లకు ఎదుటి గోడే మిగిలింది.

నా చెప్పు తయారైంది. మరునాడు ఆదివారం కావడంతో ఉండిపోయాను. గుర్వయ్య జుట్టు తెల్లబడింది. ప్రసంగం బాగానే చెప్పాడు, కానీ కళ్లు ఎత్తకుండా, బల్ల మీది చెక్కతో మాట్లాడుతున్నట్టు. సుగుణమ్మ ఆడవాళ్ల వరసలో చివర కూర్చుంది. జానయ్య ఆలస్యంగా వచ్చాడు. వంగలేదు, వేళ్లతో తాకలేదు. గడపరాయి మీద కాలు నిండుగా మోపి, లోపలికి వచ్చి, తండ్రి పలక కింద కూర్చుని, అందరితోపాటు పాట అందుకున్నాడు.