మూడుసార్లు టైపు చేసిన రిపోర్టు

మా నాన్నగారు సికింద్రాబాదులో మిషన్ బడి ఉపాధ్యాయుడు. గుంటూరు వైపు నుంచి వచ్చి కార్ఖానా అనే పేటలో ఇల్లు తీసుకున్నారు. ఇంట్లో మాది కోస్తా తెలుగు, వీధిలో తెలంగాణ తెలుగు, బజారులో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు. వీటికి తోడు టైపు కూడా వస్తే పెళ్లి దాకా కాలక్షేపం అవుతుందని ఆయన నన్ను టైపు నేర్పే చోట చేర్పించారు. ఆ కాలక్షేపం చాలాకాలమే సాగింది. ముందు తెల్లవాళ్ల సైన్యం ఆఫీసులో పనిచేశాను. వాళ్లు వెళ్లిపోయాక కొన్నాళ్లు ఇంట్లో కూర్చున్నాను. తర్వాత భారత సైన్యం వచ్చి నన్ను అదే బంగళాలో, అదే కుర్చీలో, అదే మెషీను ముందు కూర్చోబెట్టింది. ఆ మెషీనులో ఒక అక్షరం ఎప్పుడూ కాస్త పైకి పడేది. ప్రభుత్వాలు మారాయి గాని దాన్ని బాగుచేయించాలని ఎవరికీ తోచలేదు.

సైన్యం వచ్చిన రోజు బోయిన్‌పల్లి రోడ్డు పక్కన నిలబడి నేనూ బంతిపూలు విసిరాను. ట్యాంకులు, ఫిరంగులు, లారీలు గంటల తరబడి వస్తూనే ఉన్నాయి. దీన్ని పోలీసు చర్య అనాలట. నా పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఆ వరస అంతా చూసి, "పోలీసులే గిట్లుంటె మిల్ట్రీ ఎట్లుంటదో" అన్నాడు. హైదరాబాదు రాజ్యం ఐదు రోజుల్లో లొంగిపోయింది. ఇంకో నాలుగు వారాల్లో వీళ్లు కూడా వెళ్లిపోతారని మా వీధి వీధంతా చెప్పుకుంది.

మా ఆఫీసు చప్రాసీ మాత్రం నమ్మలేదు. ఆయన తెలుగు మాట్లాడే ముసల్మాను. తాత తండ్రులు కూడా ఆ కంటోన్మెంటులోనే బల్లలు తుడిచారు. నేను ఆయన్ని చాచా అనేదాన్ని. సైన్యం వచ్చాక మూడు వారాలు ఆయన గడప దాటలేదు. జిల్లాలో ఆయన తమ్ముడి ఇల్లు తగలబెట్టారు. తగలబెట్టింది ఊరివాళ్లే, సైనికులు కాదు. సైనికులు చూశారు. నాలుగోవారం చాచా తలపాగా చుట్టుకుని వచ్చి, కొత్త జెండాకు సలాం చేసి, నా బల్ల తుడిచాడు.

"నెల రోజులుండి పోతరట గద చాచా" అన్నాను.

"తెల్లోళ్లు సుత మా ముత్తాతతోని జెర ఆగి పోతం అన్నరంట బిడ్డా" అన్నాడు.

ఆ 'జెర' నూట నలభై ఏళ్లు సాగిందని మా ఇద్దరికీ తెలుసు.

ఏడాది గడిచింది. జిల్లాల్లో దొరల మీద, పాత సర్కారు మీద తుపాకులు పట్టినవాళ్లను జనం సంఘపోళ్లు అనేవారు. వాళ్లలో కొందరు సైన్యం రాగానే యుద్ధం అయిపోయిందనుకుని ఇళ్లకు తిరిగి వచ్చారు. తీరా ఏడాది తిరిగేసరికి వాళ్లు మళ్లీ అడవికి పోవడం మొదలుపెట్టారు. ఇదివరకు ఎన్నడూ పోనివాళ్లు కూడా పోయారు. ఎందుకు పోతున్నారో కనుక్కొని రాయమని మా మేజరు గారికి పైనుంచి ఆజ్ఞ వచ్చింది.

మేజరు గారిది కూర్గు. పెద్ద యుద్ధంలో ఇటలీలో పోరాడి వచ్చినవారు, మర్యాదస్తులు. నన్ను మిస్ అని పిలిచేవారు, నేను నిలబడి ఉంటే తాము కూర్చునేవారు కాదు. తెలుగులో ఆయనకు వచ్చినవి రెండే మాటలు: 'కూర్చో', 'చాలు'. ఈ రెండు మాటలతో మనుషులను ఎంతవరకు పాలించవచ్చో అంతవరకు పాలించారు.

నల్లగొండ వైపు ఒక ఊరి నుంచి ఒక కమ్మరిని విచారణకు తెచ్చారు. ముప్పై అయిదేళ్లుంటాయి. సైనికుల బకెట్లకు మాట్లు వేశాడు, సంఘపోళ్ల తుపాకులూ బాగుచేశాడన్నది అతని మీద ఆరోపణ. అతని తమ్ముడు అడవిలో ఉన్నాడని కూడా ఫైలులో ఉంది. పక్కగదిలో నేను టైపు చేసుకుంటుంటే మద్రాసు నుంచి వచ్చిన దుబాసీ అతని మాటలను ఇంగ్లీషులోకి మారుస్తున్నాడు.

"మిల్ట్రోళ్లు గడిల దిగిన్రు" అన్నాడు కమ్మరి. గడి అంటే దొరగారి కోట లాంటి ఇల్లు.

"సైనికులు గదిలో దిగారంటున్నాడు" అన్నాడు దుబాసీ.

"అంతమంది సైనికులు ఒక గదిలోనా?" అన్నారు మేజరు గారు.

నాకు నవ్వు ఆగలేదు. అది గోడ దాటి వినబడింది. మేజరు గారు నన్ను పిలిపించి, దుబాసీని టీ తాగి రమ్మని పంపి, ఆ కుర్చీలో నన్ను కూర్చోమన్నారు. కమ్మరి నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి చేతులు జోడించి, "దొరసానీ" అన్నాడు.

"నేను దొరసానిని కాదన్నా, టైపు కొట్టేదాన్ని. నువ్వు చెప్పేది ఈయనకు ఇంగ్లీషుల చెప్తా. మొదటి నుంచి చెప్పు" అన్నాను.

"మిల్ట్రీ వచ్చిన్నాడు ఊరంత డప్పులు కొట్టినమమ్మ. అడవిల ఉన్న ఇద్దరు సుత ఇంటికొచ్చిన్రు. తుపాకులు నా కొలిమి కాడ పడేసి, నాగలి కర్రుకు పనికొస్తయేమో చూడమన్నరు."

"తర్వాత?"

"నెల రోజులకు దొర వచ్చిండు. పట్నం పారిపోయినోడు, మిల్ట్రీ లారీల డ్రైవర్ పక్కన కూసోని వచ్చిండు. మిల్ట్రోళ్లు గడిలనే దిగిన్రు. అంత జాగ ఊళ్ళె ఇంకేడ లేదు మరి. ఇగ దొర పేర్లు చెప్పుడు, వాళ్లు కొట్టుడు."

సైనికులు ఎన్నాళ్లున్నారని మేజరు గారు అడిగారు.

"ఉన్నరు గద, ఇంక ఉన్నరు. గడి చుట్టు మొదట డేరాలుండె. ఇప్పుడు గోడలు కట్టిన్రు. కోళ్లు, పాలు, కట్టెలు దినాం మేమే ఇయ్యాలె."

"నీ తమ్ముడు సంఘంలో ఎప్పుడు చేరాడు?"

"వానికి సంఘమంటె ఏందో తెల్వదమ్మ. వీళ్లు దినాం ఎండల కూసోవెట్టి, నువ్వు సంఘపోనివా, సంఘపోనివా అని అడిగిన్రు. పద్దినాలు అడిగినంక, అదేందో చూసొస్త అని పోయిండు."

నేను ఇంగ్లీషులో చెప్పాను. మేజరు గారు కలం పక్కన పెట్టారు. "హాస్యమాడుతున్నాడా, మిస్?"

"లేదు సార్."

"ఎందుకు తిరిగి రాలేదో అడగండి."

"ఇంట్ల ఉంటె కొడ్తున్నరు. ఆడ ఎవ్వరు కొడ్తలేరు. పైంగ తుపాకి ఇచ్చిన్రు" అన్నాడు కమ్మరి. గొంతు పెంచకుండానే ఇంకో మాట చెప్పాడు. "మా ఊరి చాకలాయన మిల్ట్రోళ్ల బట్టలు ఉతికిండని సంఘపోళ్లు చంపిన్రు. ఉతకకుంటె వీళ్లు కొట్టెటోళ్లు. ఆ గుంపుల మా తమ్ముడు ఉన్నడో లేడో నాకు ఎర్క లేదు."

ఆ చివరి మాట అనువదించడానికి నాకు కొంచెం సమయం పట్టింది. తన తమ్ముడి మీదకే వచ్చే మాట అతనెందుకు చెప్పాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. చాకలాయన గురించి ఎవరో ఒకరికి చెప్పాలనిపించి ఉంటుంది.

ఇంకా కొందరిని విచారించాక మేజరు గారు రిపోర్టు చెప్పడం మొదలుపెట్టారు, నేను టైపు చేశాను. నిజాయితీగానే రాశారు. శిబిరం ఎక్కువ కాలం ఉన్న ఊళ్లలో ఎక్కువమంది అడవికి పోయారని రాశారు. ఒక ఊరి సంగతి మాత్రం ఈ లెక్కకు లొంగలేదు. అక్కడా శిబిరం అంతే కాలం ఉంది గాని ఎవరూ పోలేదు. విచారిస్తే అక్కడి కుర్ర లెఫ్టినెంటు పాలు కొనుక్కు తాగేవాడని, దొరను లారీ ఎక్కించుకోలేదని తేలింది. మేజరు గారు అది కూడా దాచలేదు. ఊళ్లలో ఎక్కువకాలం ఉండకూడదు, ఉండక తప్పకపోతే ఆ లెఫ్టినెంటులా ఉండాలి అని ముగించారు.

అది చెబుతూ మధ్యలో, అడవికి పోయినవాళ్లను ఏమనాలన్న దగ్గర ఆగారు. "ఇటలీలో జర్మన్లు ఒక ఊళ్లో దిగితే ఆ ఊరి కుర్రాళ్లు కొండెక్కేవారు మిస్. మేం వాళ్లను దేశభక్తులనేవాళ్లం. విమానాల్లోంచి వాళ్లకు తుపాకులు జారవిడిచేవాళ్లం."

"ఇక్కడ ఏమని టైపు చెయ్యమంటారు సార్?"

ఆయన కిటికీలోంచి చూశారు. తోటలో చాచా, మేజరు గారు నాటించిన గులాబీలకు నీళ్లు పోస్తున్నాడు.

"టెర్రరిస్టులు" అన్నారు. "ఆ చాకలివాడి భార్యను అడిగితే ఆమె కూడా అదే అంటుంది."

అదీ నిజమే. అందుకని టైపు చేశాను.

పది రోజులకు రిపోర్టు ఎర్ర పెన్సిలు గీతలతో వెనక్కి వచ్చింది. అభిప్రాయం బాగుందట, భాష సరిచూడాలట. 'శిబిరం ఎక్కువ కాలం ఉన్న ఊళ్లలో ఎక్కువమంది అడవికి పోయారు' అన్న వాక్యం రెండో ప్రతిలో 'ఎక్కువమంది అడవికి పోయిన ఊళ్లలో శిబిరం ఎక్కువ కాలం ఉంది' అయింది. మాటలన్నీ అవే, ఒక్కటీ అబద్ధం కాదు. అది కూడా వెనక్కి వచ్చింది. మూడో ప్రతిలో 'ఉండవలసి వచ్చింది' అయింది. ఆ ఒక్క మార్పుతో ముగింపు దానంతట అదే తయారైంది: శిబిరాలు పెంచాలి, ఇంకొంతకాలం ఉంచాలి. పాలు కొనుక్కు తాగిన లెఫ్టినెంటు ఎక్కడ మాయమయ్యాడో నేను గమనించలేదు.

"తెల్ల దొరలు సుత గిట్లనే మూడుసార్లు కొట్టిచ్చేది" అన్నాడు చాచా, కార్బన్ కాగితాలు ఏరుతూ. "మూడోసారికి అందరు ఖుష్ అయ్యేది."

మేజరు గారు సంతకం పెట్టారు. పెట్టేముందు చాలాసేపు కూర్చున్నారు, ఆ తర్వాత పెట్టారు. నాకు నచ్చలేదని నేనూ ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోగా మూడో ప్రతిలో ఒక స్పెల్లింగు తప్పు కనిపిస్తే దిద్ది, దిద్దినందుకు గర్వపడ్డాను కూడా.

ఇక కమ్మరిని ఇంటికి పంపాలి. మేజరు గారు అతనికి ఒక ఉపకారం తలపెట్టారు. ఇతడు మంచివాడు, ప్రభుత్వానికి సహకరించాడు, ఇతన్ని ఎవరూ ఇబ్బంది పెట్టరాదు అని నాతో చీటీ టైపు చేయించి, ముద్ర వేసి ఇచ్చారు. కమ్మరి దాన్ని రెండు చేతులతో తీసుకుని, ఏముందో చదవమన్నాడు. చదివాను. అతని మొహం పాలిపోయింది.

"అమ్మా, గిది నా కాడ ఉంటె మిల్ట్రోళ్లు కొట్టరు, సంఘపోళ్లు చంపుతరు. లేకుంటె వాళ్లు చంపరు, వీళ్లు కొడ్తరు. ఏది పట్టుకపొమ్మంటవు?"

ఇరవై రెండేళ్ల వయసులో, నాలుగు భాషలు తెలిసిన నాకు చేతనైంది ఆ ప్రశ్నను ఇంగ్లీషులోకి మార్చడం ఒక్కటే. చీటీ తీసుకుని మేజరు గారి దగ్గరికి వెళ్లి ఆ మాటే చెప్పాను. ఆయన ఇంకా విచారించాల్సి ఉందని ఫైలులో రాసి, కమ్మరిని కంటోన్మెంటు వర్కుషాపులో పనికి పెట్టారు. కాగితం మీద అతడు ఖైదీ. నిజానికి సాయంత్రం అయిదింటికి పని ముగించి బోయిన్‌పల్లిలో అద్దెగదికి వెళ్లేవాడు. తర్వాత భార్యాపిల్లలను కూడా తెచ్చుకున్నాడు. ఊళ్లో స్వేచ్ఛగా ఉన్నప్పటికంటే ఇక్కడ ఖైదులో ఉండడమే అతనికి సుఖంగా ఉంది.

అక్కడ అతనికి ఇచ్చిన మొదటి పని డేరా మేకులు. కొత్త శిబిరాలకు బండ్ల కొద్దీ కావాలన్నారు. ఒకరోజు నేను అటు వెళితే, చెమట తుడుచుకుంటూ, "గివి దేనికమ్మా?" అని అడిగాడు. చెప్పాను. అతను మేకు వైపు చూశాడు, కొలిమి వైపు చూశాడు. "మా తమ్ముడున్న దిక్కు పోతయా?" అన్నాడు. ఏమో అన్నాను. మళ్లీ సుత్తి ఎత్తాడు. ఆ మేకులు గట్టివని మెచ్చుకుంటూ ఒక ఉత్తరం కూడా వచ్చింది. దాన్నీ నేనే ఫైలు చేశాను.

నాలుగు వారాల మాట మూడేళ్లయింది. చివరికి సంఘమే పోరాటం ఆపేసింది. తమ్ముడు కొన్నాళ్లు జైల్లో ఉండి విడుదలై, తిన్నగా అన్న దగ్గరికి సికింద్రాబాదు వచ్చాడు. పక్కకు తిరిగి నవ్వే, సన్నటి మనిషి. చాకలాయన సంగతి అడిగావా అని నేను కమ్మరిని ఒంటరిగా అడిగాను.

"అడిగిన. ఆనాడు అన్నం వండుతున్న, ఆడికి పోలె అన్నడు."

"నమ్మినవా?"

"తమ్ముడు గదమ్మ" అన్నాడు. చాకలాయన భార్యకు మాత్రం ప్రతి ఏటా బట్టలు పంపేవాడని కమ్మరి భార్య నాకు చెప్పింది. ఎవరు పంపారో ఆమెకు తెలియనివ్వలేదట.

చాలా ఏళ్ల తర్వాత, మాజీ సైనికులకు సైనిక్‌పురిలో స్థలాలిచ్చినప్పుడు, మేజరు గారు కూడా అక్కడ ఇల్లు కట్టుకున్నారు. కూర్గు వెళ్లలేదు. ఈ ఎండ అలవాటైపోయిందన్నారు. ఇంటికి ఇనుప గేటు కావాలని బోయిన్‌పల్లిలో ఒక దుకాణానికి చెప్తే, అది ఆ అన్నదమ్ములదే అయింది. గేటు పెట్టే రోజు నాకు కబురు చేశారు. పైకి మాత్రం, తన తెలుగు ఇంకా సరిపోవడం లేదు కనుక అన్నారు.

తమ్ముడొక్కడే వచ్చాడు. అతడు కొలతలు చూసుకుంటుంటే మేజరు గారు నా పక్కకు వచ్చి, "ఇతనికి ఆ రిపోర్టు సంగతి చెప్పండి మిస్. మొదట రాసినదాని గురించి" అన్నారు. నాకప్పటికి పెళ్లయి ముగ్గురు పిల్లలు. ఆయనకు నేనింకా మిస్‌నే.

చెప్పాను. తమ్ముడు గేటుకు ఆనుకుని విన్నాడు.

"మొదటి దాంట్ల ఏమున్నది?"

"వీళ్లు ఊళ్లల్ల ఎక్కువ రోజులుండి సతాయించబట్టె మీరు పోయిన్రని."

"అది మాకెర్కనే."

"ఈయనకు కూడ ఎర్కనే అని చెప్పమంటున్నరు."

"మరి ఎవలకు ఎర్క లేకుండె?" అని అడిగాడు. ఎగతాళి లేదు, తెలుసుకుందామనే అడిగాడు.

అతనేమన్నాడని మేజరు గారు అడిగితే ఇంగ్లీషులో చెప్పాను.  తమ్ముడు, గేటు రెండోవైపు ఎత్తిపట్టడానికి ఒక మనిషి తక్కువైండన్నాడు. మేజరు గారు చొక్కా చేతులు మడుచుకుని వచ్చి పట్టుకున్నారు.