రెండో బ్రేకు

ఎదురుగా ఉన్నప్పుడు అందరూ ఆయన్ని మాస్టారూ అనేవాళ్లు. ఆయన అటు తిరగగానే బ్రేకు మాస్టారు అనేవాళ్లు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, తెలియనట్టు ఉండేవాడు.

ఆయనది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే మరేమీ లేదు, ఇంటి కింద వీధి వైపు ఒక గది, ఒక పాత కారు, ఒక మాస్టారు. ఆ కారులో నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గర ఉన్నట్టే పక్కసీటు ముందు కూడా క్లచ్చి, బ్రేకు ఉంటాయి. ఆ రెండో బ్రేకు మీద పగలంతా మాస్టారి కుడికాలు కాచుకుని ఉండేది. ఎదురుగా ఏది కదిలినా సరే, ఆకు రాలినా సరే, కాలు పడిపోయేది. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో సగంమందికి కారు నడపడం వచ్చింది, మిగతా సగంమందికి భయం వచ్చింది.

కాలిని కారులోనే వదిలేసి ఇంటికొచ్చే అలవాటు ఆయనకు లేదు. బస్సెక్కితే నేలను తొక్కేవాడు. సినిమాలో కారు మలుపు తిరిగితే ముందు సీటును తన్నేవాడు, ఆ సీట్లోని మనిషి వెనక్కి తిరిగి గుడ్లురిమేవాడు. ఇక నిద్రలో అయితే భార్య పిక్క మీద తొక్కేవాడు. ఆవిడ కళ్లు తెరవకుండానే అడిగేది:

“ఎవరొచ్చారండీ అడ్డం? కుక్కా, సైకిలా?”

“లారీ,” అనేవాడు మాస్టారు సీరియస్‌గా, నిద్రలోనే.

ఆయన మొదటి శిష్యురాలు ఆవిడే. మొదటిరోజే కారును నడివీధిలో వదిలి దిగిపోయింది. “అన్నీ మీరే తొక్కుతుంటే ఇక నేను నడిపేదేంటి?” అని నడుచుకుంటూ ఇంటికెళ్లిపోయింది. కూతురు ఇంకో నాలుగాకులు ఎక్కువ చదివింది. ఇంట్లో మాస్టారుండగా పక్కపేటలో వేరే స్కూల్లో చేరి, లైసెన్సు తెచ్చి తండ్రి ముందు పెట్టింది. ఆయన తలెక్కడ పెట్టుకోవాలో తెలియక చాలాకాలం ఆ పిల్లతో సరిగ్గా మాట్లాడలేదు.

మహమ్మారి వచ్చిన ఏడాది రోడ్లన్నీ ఖాళీ అయిపోయాయి. నేర్చుకునేవాళ్లకు అంతకంటే మంచి రోడ్లు దొరకవు, కానీ నేర్చుకునేవాళ్లే లేరు. గదికి తాళం పడింది. బ్యాటరీ చచ్చిపోతుందని మాస్టారు రోజూ పొద్దున కిందికి దిగి కాసేపు ఇంజన్ ఆన్ చేసి కూర్చునేవాడు. ఇంట్లో గాలాడట్లేదంటూ ఆవిడ కూడా వచ్చి వెనకసీట్లో దర్జాగా కూర్చునేది.

“ఎక్కడికి పోదామండీ ఇవాళ?”

“నువ్వెక్కడికంటే అక్కడికే.”

“సముద్రం చూసొద్దాం. కాకపోతే మీరు బ్రేకు వెయ్యకూడదు.”

కదలని కారులో కూర్చుని ఇద్దరూ సముద్రానికి వెళ్లొచ్చేవాళ్లు. కూతురు పైనుంచి ఆఫీసు పని మధ్యలో తొంగిచూసి నవ్వుకునేది. పెళ్లయిన ఇన్నేళ్లలో పగటిపూట అంతసేపు తీరిగ్గా ఒకచోట కూర్చున్నది ఆ ఏడాదే. బయట మనుషులు పోతున్న వార్తలు వింటూ ఇలా సుఖంగా ఉండటం తప్పేమో అని మాస్టారికి అప్పుడప్పుడూ అనిపించేది. అనిపించినా మర్నాడు మళ్లీ దిగేవాడు.

ఒకరోజు కారు పైకప్పు తుడుస్తూ స్టూలు మీంచి జారిపడ్డాడు. ఎడమచేతి మణికట్టు విరిగి మోచేతి దాకా కట్టు పడింది. ఆ కట్టు ఉండగానే ఆవిడకు జ్వరం వచ్చింది. మొదట మామూలు జ్వరమే అనుకున్నారు, అలా అనుకోకపోతే గడవదు కాబట్టి. తర్వాత ఒక పొద్దున ఆవిడ మంచం మీద లేచి కూర్చుని, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగడం మొదలుపెట్టింది.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే వస్తోందన్నారు. మళ్లీ చేస్తే దారిలో ఉందన్నారు. ఆ తర్వాత ఎత్తడం మానేశారు. పక్కింటివాళ్లు కిటికీలోంచి చూసి, పాపం అని, కిటికీ మూసుకున్నారు. వాళ్లననీ లాభం లేదు, ఎవరి భయం వాళ్లది. మాస్టారు కాలుగాలిన పిల్లిలా గదిలో తిరుగుతున్నాడు. ఊళ్లో సగంమందికి స్టీరింగ్ పట్టడం నేర్పిన మనిషికి, సొంత పెళ్లాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే పట్టుకోవడానికి చెయ్యి లేదు.

“తాళాలివ్వు నాన్నా,” అంది కూతురు.

ఆవిణ్ణి వెనకసీట్లో దిండుకు ఆనించి కూర్చోబెట్టారు. కూతురు స్టీరింగ్ దగ్గర, మాస్టారు ఎప్పటిలాగే తన సీట్లో. తన కాలిసంగతి ఆయనకు తెలుసు. వెనక కూర్చుంటే సరిపోయేది. కానీ ఇన్నేళ్లుగా ఆ తలుపే తీసిన చెయ్యి ఆ తలుపే తీసింది.

వంతెన ఎత్తు ఎక్కుతుండగా ఎక్కడో పైన ఒక కుక్క రోడ్డు దాటింది. మాస్టారి కాలు పడింది. కారు ఒక్కసారిగా ఊగి ఇంజన్ ఆగిపోయింది.

“కాలు తియ్యి నాన్నా!”

“కుక్కమ్మా!”

“అదెక్కడో ఉంది!”

కూతురు మళ్లీ స్టార్ట్ చేసింది. కారు కాస్త వెనక్కి జారింది. జారేసరికి ఆయన పైప్రాణాలు పైనే పోయి మళ్లీ తొక్కేశాడు. మళ్లీ ఆగింది. మూడోసారీ అంతే. కూతురు స్టీరింగ్ మీద గుద్దుతూ ఏడ్చేసింది. “నీకు దణ్ణం పెడతా నాన్నా, అమ్మకు ఊపిరాడట్లేదు, ఆ కాలు తియ్యి!”

“తీస్తున్నానమ్మా, తీద్దామనే చూస్తున్నా, రావట్లేదు,” అని ఆయన బాగున్న చేత్తో సొంత మోకాలిని పట్టుకుని పైకి గుంజుతున్నాడు.

అప్పుడు వెనకనుంచి వినిపించింది. ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకుంటూ:

“ఏమండీ... ఎవరొచ్చారు... అడ్డం? కుక్కా... సైకిలా?”

అని నవ్వింది. దగ్గుతో కలిసిపోయినా అది నవ్వే, కడుపులోంచి వచ్చిన అసలు నవ్వు. కూతురు అద్దంలో తల్లి ముఖం చూసి ఏడుపు మధ్యలోనే ఫక్కుమంది. ఇద్దరూ నవ్వారు. మాస్టారికి మాత్రం నవ్వు రాలేదు. ఆయన రెండు కాళ్లూ సీటు మీదికి లాక్కుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, కింద ఏదీ అందకుండా. అలా కూర్చునే చెప్పాడు: “హ్యాండ్‌బ్రేకు ఉంచు. క్లచ్చి మెల్లగా వదులు. మెల్లగా. ఆఁ, ఇప్పుడు హ్యాండ్‌బ్రేకు దించు.” కారు ఎత్తెక్కింది.

ఆసుపత్రి గేటు దగ్గర ముఖాలు కనపడని మనుషులు చక్రాల కుర్చీ తెచ్చారు. వెంట ఎవరూ రాకూడదన్నారు. ఆవిడ వెనక్కి తిరిగి చెయ్యి ఊపిందో లేదో కూడా తెలియకుండా తలుపులు మూసుకున్నాయి. మాస్టారు ఆ తలుపుల ముందు చాలాసేపు నిలబడ్డాడు, కాపలా మనిషి వచ్చి దూరం జరగమనేదాకా.

సాయంత్రాలు ఒక నర్సమ్మ పుణ్యం కట్టుకుని ఆవిడ చెవి దగ్గర ఫోను పెట్టేది. మూతికి ఆక్సిజన్ గొట్టం, ఆవిడ మాట్లాడలేదు. ధైర్యంగా ఉండు అందామంటే అది ఈయన దగ్గరే లేదు. చివరికి తనకు వచ్చిన ఒక్క విద్యే మొదలుపెట్టాడు.

“ఊపిరి తీసుకో. ఆఁ. ఇప్పుడు మెల్లగా వదులు. మెల్లగా. తొందరేం లేదు, వెనకాల ఎవరూ హారన్ కొట్టట్లేదు.”

రోజూ అదే పాఠం. నవ్వుతున్నారండీ అని ఒకసారి నర్సమ్మ చెప్పింది. నిజంగానే నవ్విందో, ఈయన మీద జాలితో అందో, అడిగే ధైర్యం ఆయనకు లేకపోయింది.

ఒక మధ్యాహ్నం నర్సమ్మే ఫోన్ చేసింది. ఆవిణ్ణి ఇంటికివ్వలేదు. దూరంనుంచి చూడనిచ్చారు. చూడటానికి ఒక వ్యాను తప్ప ఏమీ లేదు. అది మలుపు తిరుగుతుంటే కాలిబాట మీద మాస్టారి కాలు పడింది.

ఆ తర్వాత ఆయన దాదాపు మాట్లాడటం మానేశాడు. పైకి చెప్పలేదుగానీ లోపల ఒకటే పురుగు తొలిచేది. వంతెన మీద ఆ కాసేపు పోకుండా ఉంటే? డాక్టర్ని అడగొచ్చు. అడిగితే అవునంటాడేమోనని భయం. కూతురు ఆ ఊసు ఎత్తేది కాదు. ఎత్తకపోవడమే ఆయనకు తీర్పు. ఒకరోజు మెకానిక్‌కు ఫోన్ చేసి, కారులో ఆ రెండో బ్రేకు పీకెయ్యాలని చెప్పాడు.

“స్కూలు కారు కదా మాస్టారూ, అది లేకపోతే ఎట్లా?”

“ఇక స్కూల్లేదురా.”

“సరే, షాపు తెరవనివ్వండి, చూద్దాం,” అన్నాడు మెకానిక్. షాపు ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు.

ఏడాది ముగిసే వారంలో ఒక సాయంత్రం కూతురు లోపలిగదిలో ఆఫీసువాళ్లతో కంప్యూటర్లో మాట్లాడుతోంది. మాస్టారు ఇవతల గదిలో కుర్చీలో ఉన్నాడు. పల్చటి తలుపు, అన్నీ వినపడుతున్నాయి. ఆఫీసులో పెద్దావిడ ఎవరో, ఇంత కష్టకాలంలోనూ మనకు దక్కిన మంచి జ్ఞాపకం ఒక్కొక్కటి చెప్పుకుందాం అంది. ఒకాయన వంట నేర్చుకున్నాడట. ఒకామె తన పాప తొలి అడుగులు ఇంట్లోనే ఉండి చూసిందట. ఇంకెవరో బాల్కనీలో మొక్కలు పెంచారట. మాస్టారికి ఒళ్లు మండింది. మనుషులు పోయిన ఇంట్లోకి వచ్చి మొక్కల కబుర్లా అనుకున్నాడు. కూతురి వంతు వచ్చింది. కరెంటు పోతే బాగుండు, కాల్ కట్టయితే బాగుండు అని ఆయన కళ్లు మూసుకున్నాడు.

ఫర్వాలేదమ్మా, ఇబ్బందయితే వద్దులే అంది పెద్దావిడ.

“లేదండీ, చెప్తాను,” అంది కూతురు. “అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్తుంటే వంతెన మీద మా నాన్న బ్రేకు తొక్కాడు. కారు ఆగిపోయింది. అప్పుడు అమ్మ నవ్వింది. ఆగకపోతే మేం ముగ్గురం నోరు మెదపకుండానే గేటు దాకా వెళ్లిపోయేవాళ్లం. నాకు ఆ నవ్వు ఉండేది కాదు. ఈ ఏడాదికి నాకున్నది అదొక్కటే.”



మాస్టారు లేవలేదు, కూతుర్ని పిలవలేదు. కుర్చీలో అలాగే కూర్చున్నాడు. ఆయన కుడికాలు నేలను గట్టిగా నొక్కుతోంది. ఆ ఎత్తు మీదే, ఆ కుక్క రోడ్డు దాటుతుండగానే, వెనకసీట్లో ఆవిడ నవ్వుతుండగానే అన్నీ ఆగిపోవాలన్నట్టు. బలం కొద్దీ నొక్కాడు. ఈసారి ఏదీ ఆగలేదు.