ప్రతి పెళ్ళికీ అతనే సాక్షి

మాదాపూర్‌లో మా ఆఫీసు ఆరో అంతస్తు. అక్కడ నేను చేసే పనేమిటో మా అత్తగారికి ఇప్పటికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఇంగ్లండులో ఏదో మారుమూల పల్లె. అక్కడి చర్చిలో నూట యాభై ఏళ్ళ కిందట జరిగిన పెళ్ళిళ్ళను పాదిరి చేత్తో రాసిన రిజిస్టర్లు. వాటి ఫొటోలు నా స్క్రీన్ మీదికి వస్తాయి. వరుడు, వధువు, వాళ్ళ తండ్రులు, సాక్షులు, అన్నీ చదివి టైపు చేయాలి. చేరిన రోజునే మా లీడ్ ఒక సూత్రం నూరిపోశాడు: కనిపించిందే కొట్టాలి, ఊహించి కొట్టకూడదు. చెరిగిపోయిన పేరు పక్క పేజీలో స్పష్టంగా ఉన్నా సరే, ఇక్కడ కనిపించకపోతే ఖాళీగా వదిలేయాల్సిందే. ఆ సూత్రం నాకు భలే నచ్చింది. అసలే నాకు ముక్కు మీద కోపం, ఎవరైనా ఉజ్జాయింపుగా మాట్లాడితే ఒళ్ళు మండుతుంది.

మా అంతస్తు ఊడ్చి తుడిచే అమ్మాయిది పాలమూరు వైపు. మధ్యాహ్నం పూట నా కుర్చీ వెనక మాప్ పట్టుకుని నిలబడి స్క్రీన్ చూసేది.

"ఏందక్కా గీ గీతలు?" అని ఒకరోజు అడిగింది.

సంతకం రానివాళ్ళు పెళ్ళి పుస్తకంలో అడ్డంగా నిలువుగా రెండు గీతలు గీస్తే, పాదిరి వాటి పక్కన పేరు రాసేవాడని చెప్పాను.

"సదువు రానోళ్ళ పెండ్లి గూడ రాసిండ్రా?"

"రాశారు. కూలీలవి, పాలు పితికేవాళ్ళవి, అందరివీ."

"మాది యాడ రాయలేదక్కా" అంది. ఇద్దరివీ వేరే కులాలు. ఇళ్ళలో ఒప్పుకోకపోతే పట్నం వచ్చేసి, ప్రగతి నగర్‌లో ఓ చిన్న గుళ్ళో తాళి కట్టించుకుందట. పూజారి తప్ప పక్కన మనిషి లేడు. ఆధార్‌లో ఇంకా తండ్రి పేరే ఉంది.

ఆ రిజిస్టర్లలో నన్ను విసిగించేవాడు ఒకడుండేవాడు. ఏ పెళ్ళి తీసినా రెండో సాక్షి అతనే. ముప్పై ఏళ్ళ పాటు అదే వంకర సంతకం. చర్చి గుమస్తా అని తర్వాత తెలిసింది. ఎవరూ లేని జంట వస్తే తానే పక్కన నిలబడి సంతకం పెట్టేవాడు. "ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ ఈయన నెత్తినే ఉన్నట్టున్నాయి, వేరే పనీపాటా లేదు కాబోలు" అని నేను విసుక్కుంటే ఆ అమ్మాయి నవ్వేది. ఇక అదో ఆటయింది. వచ్చినప్పుడల్లా "వచ్చిండా అక్కా గాయన?" అనేది. "వచ్చాడు, ఎక్కడికి పోతాడు" అనేదాన్ని.

ఆమె భర్త తెల్లాపూర్‌లో కట్టే అపార్ట్‌మెంట్లలో సెంట్రింగ్ పని చేసేవాడు. రోజూ సాయంత్రం మా గేటు బయట పాత బండి మీద కూర్చుని ఆమె కోసం ఎదురుచూసేవాడు. వానొస్తే ఆమె తల మీద ప్లాస్టిక్ కవరు కప్పి, తాను తడుస్తూ తీసుకుపోయేవాడు. మూడేళ్ళు చూశాను.

ఒకరోజు పొద్దున పదకొండింటికి ఆమె ఫోన్ చేసింది.

"అక్కా, మా ఆయన పైకెల్లి పడ్డడు. పానం పోయింది. దవాఖానల ఉన్న. ఆయన అన్న వచ్చిండు, నేనెవరో తెల్వదంటుండు. పోలీసాయన పెండ్లి కాయిదం అడుగుతుండు, లేకుంటే ఎరుకైనోళ్ళని తెమ్మంటుండు. జర వచ్చి మేం ఆలుమొగలమని చెప్పక్కా. శవాన్ని నాకియ్యమను."

పోలీసులు, సంతకాలు, రేపు కోర్టు అంటారేమోనని భయం పట్టుకుంది. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "మీ పెళ్ళి నేను చూడలేదు కదమ్మా. చూడనిది చూశానని ఎలా చెప్పను?"

"పెండ్లి చూసినవని చెప్పకక్కా. రోజు గేటు కాడ చూస్తవు గద మమ్మల్ని. గదే చెప్పు."

"మీటింగ్‌లో ఉన్నాను, వీలు చూసుకుంటాను" అన్నాను. మీటింగూ లేదు, గాడిదగుడ్డూ లేదు. సాయంత్రం దాకా చచ్చిపోయినవాళ్ళ పెళ్ళిళ్ళు కొడుతూ కూర్చున్నాను.

మర్నాడు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన చెప్పాడు. శవాన్ని అన్నకే ఇచ్చారట. అంబులెన్సు ఎక్కబోతే ఈమెను దింపేశారట. బస్సు పట్టుకుని వెనకాలే వెళ్తే అతని ఊరి బయటే ఆపేశారట. అక్కణ్ణుంచి పొగ మాత్రం కనిపించిందట.

పదిరోజుల తర్వాత ఆమె పనిలోకి వచ్చింది. నుదుట బొట్టు లేదు. ఏం చెప్పాలో అన్నాళ్ళూ మనసులో కూర్చుకున్నాను. తీరా ఎదురుపడితే "తప్పు చేశానమ్మా" అని మాత్రం అన్నాను. నా మీద నాకే అసహ్యమేసింది. ఆమె నా కుర్చీ కింద తుడిచింది. వెళ్ళబోతూ అలవాటు చొప్పున స్క్రీన్ వైపు చూసింది.

"గాయన ఇంకా వస్తుండా అక్కా?"

"వస్తున్నాడు."

"మంచోడు" అని బకెట్ తీసుకుని పక్క వరుసకు వెళ్ళింది.